యుద్ధంలో ఇల్లు పోయినవాళ్ల హక్కులా? ముందు వాళ్ల కాగితాల సంగతి చూడండి

ప్రశ్న: సాయుధ ఘర్షణలు జరిగే చోట నిర్వాసితుల, మైనారిటీల మానవ హక్కులను కాపాడటం నిజంగా సాధ్యమేనా? ఐక్యరాజ్యసమితి వల్ల, అంతర్జాతీయ చట్టాల వల్ల ఏమైనా ఉపయోగం ఉందా?

సాధ్యమే. కానీ ఇలాంటి ప్రశ్న కనబడగానే అందరూ జెనీవా యుద్ధ ఒప్పందాల నుంచి మొదలుపెడతారు. నేను తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర ఒక లాడ్జి కౌంటర్ నుంచి మొదలుపెడతాను. ఈ విషయంలో నాకున్న అభిప్రాయమంతా అక్కడ పుట్టిందే. అదేమిటో ముందే చెప్పేస్తా: ఇల్లు పోయిన మనిషికి మొదట కావలసింది కాగితం. అన్నం, గుడారం, సానుభూతి ఎవరో ఒకరు ఇస్తారు. కాగితం మాత్రం సర్కారు ఇస్తేనే వస్తుంది. అది లేకపోతే ఎన్ని ఒప్పందాల మీద ఎంతమంది సంతకాలు పెట్టినా ఆ మనిషి దాకా ఏదీ చేరదు.

ఆ లాడ్జిలో నేను కొన్నేళ్లు నైట్ డ్యూటీ చేశాను. పేరు అనవసరం. తిరుపతిలో రాత్రి రిసెప్షన్ అంటే ఏమిటో తెలియనివాళ్లకి చెప్తున్నా: అర్ధరాత్రి రైలు దిగిన జనం భుజాన నిద్రపోతున్న పిల్లల్తో వచ్చి నిలబడతారు. కొండ దిగినవాళ్లు గుండ్లకి గంధం పూసుకుని వేడినీళ్లు ఎప్పుడొస్తాయని అడుగుతారు. జీపు డ్రైవరు కమిషన్ కోసం తలుపు దగ్గర కాచుకుని ఉంటాడు. ప్రతి ఒక్కరి దగ్గరా ఆధార్ జిరాక్సు తీసుకోవాలి. ఆ జిరాక్సులు మూటలు మూటలు పేరుకుపోతాయి. తర్వాత అవి ఏమవుతాయో ఎవరికీ పట్టదు. ఒకసారి స్టేషన్ బయట శనక్కాయలు కొంటే, పొట్లం విప్పాక లోపల ఎవరిదో విజయనగరం ఆయన ఫొటో, పన్నెండు అంకెల నంబరు. సమాచార భద్రత మీద టీవీల్లో గంటలు గంటలు మాట్లాడేవాళ్లు ఒకసారి మా ఊరి శనక్కాయల బండి దగ్గరికి రావాలి.

సరే, అసలు సంగతికి వస్తా. తమిళుల పెరటాసి నెల. మా చిత్తూరు వైపు వాళ్లకి తెలుసు, ఆ నెల శనివారాల్లో తమిళనాడు సగం తిరుపతిలోనే ఉంటుంది. రాత్రి పదకొండు దాటాక ఒక కుటుంబం వచ్చింది. ముసలామె, ఆమె కూతురు, అల్లుడు, ఇద్దరు పిల్లలు. చిన్నోడికి తలనీలాల మొక్కు ఉందట. తమిళం మాట్లాడుతున్నారు గానీ మా వైపు తమిళం కాదు, మద్రాసుదీ కాదు. నేనేం అడిగినా ఆ పెద్దామె "ఓం, ఓం" అంటోంది. అవునని అర్థమట. నేను మొదట భక్తి అనుకున్నా. అల్లుడు ఆధార్ ఇచ్చాడు. రూం ఖాళీ ఉంది, రిజిస్టర్లో పేరు రాయడం మొదలుపెట్టాను. అడ్రసు దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగింది. "శ్రీలంక శరణార్థుల క్యాంపు, గుమ్మిడిపూండి" అని ఉంది.

తడ దాటితే ఆరంబాక్కం, ఆ తర్వాత గుమ్మిడిపూండి. ఎన్నోసార్లు మద్రాసు రైల్లో ఆ స్టేషన్ మీదుగా వెళ్లాను. అక్కడ క్యాంపు ఉందని అదే మొదటిసారి తెలియడం.

ఓనరు లోపలి గదిలోనే ఉన్నాడు. జిరాక్సు చూసి, "రేయ్, రెఫ్యూజీ అని రాసుంది కదరా. ఫారినర్సు. సి-ఫారం పెట్టాల" అన్నాడు. విదేశీయులు దిగితే 24 గంటల లోపు లాడ్జివాళ్లు ఆ ఫారం ఆన్‌లైన్లో నింపాలి. అంతకుముందు ఆలస్యమైందని పక్క లాడ్జికి నోటీసు వచ్చిందట, అప్పట్నుంచీ ఓనరుకి ఆ మాటంటే టెన్షన్. సైటు తెరిచాను. పాస్‌పోర్టు నంబరు అడిగింది. లేదు. వీసా నంబరు అడిగింది. లేదు. ఎప్పుడు దేశంలోకి వచ్చారు, ఏ చెక్‌పోస్టు గుండా వచ్చారు అని అడిగింది. పెద్దామె రామేశ్వరం వైపు ఇసక తిన్నెల మీద పడవ దిగింది, ఆ పెట్టెలో ఇసక తిన్నెలకి ఆప్షన్ లేదు. కూతురు, అల్లుడు, పిల్లలు అసలు ఎక్కడినుంచీ రాలేదు. క్యాంపులోనే పుట్టారు. ఎర్ర చుక్క పెట్టిన గడి నింపకపోతే తర్వాతి పేజీ రాదు.

తెలిసిన కానిస్టేబుల్‌కి ఫోన్ చేశాను. ఆయన నిద్రమత్తులో, "ఫారినర్ అయితే సి-ఫారం పెట్టు, కాకపోతే రూం ఇయ్యి, నన్నెందుకు లేపినావు" అని పెట్టేశాడు. చట్టం ప్రకారం ఆయన చెప్పిందాంట్లో తప్పు లేదు. కాకపోతే నా ఎదురుగా నిలబడ్డవాళ్లు ఆ రెండింట్లో దేంట్లోనూ పట్టరు.

ఏదో కాగితం తక్కువైందని పెద్దామెకి అర్థమైంది. చేతిసంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. దాంట్లో ఇంకో కవరు, దాంట్లో గుడ్డ మూట. ఒక్కొక్కటే విప్పి నా కౌంటర్ మీద పరిచింది. రామేశ్వరం దగ్గరి మండపం క్యాంపుకి చేరినప్పుడు పేరు రాసుకుని ఇచ్చిన చీటీ, మడతల దగ్గర చిరిగి టేపుతో అతికించి ఉంది. సింహళంలో, తమిళంలో అచ్చయిన జనన పత్రం. అన్నిటికన్నా అడుగున నాలుగు మడతల దస్తావేజు. అది ఉత్తర శ్రీలంకలో ముల్లైత్తీవు దగ్గర వాళ్ల పొలానిది.

"అవ్వా, దీన్ని తిరుపతికి ఎందుకు తెచ్చినావు?" అన్నాను తమిళంలోనే.

"ఎక్కడ పెట్టమంటావు తంబీ? అక్కడ ఇల్లు లేదు. ఇక్కడున్న ఇల్లు నాది కాదు. నేనెక్కడుంటే అదీ అక్కడే" అంది.

ఆ పొలంలో ఇప్పుడు మిలటరీవాళ్లు ఉన్నారని అల్లుడు చెప్పాడు. ఇది ఒక్క కుటుంబం గోడు కాదు. శ్రీలంక ప్రభుత్వానికీ తమిళ పులులకీ (ఎల్టీటీఈ) మధ్య యుద్ధం 2009 మేలో ముగిసినా ఉత్తరాన ఎన్నో ఊళ్ల భూములు సైన్యం చేతిలోనే ఉండిపోయాయి. అదే ముల్లైత్తీవు జిల్లా కేప్పాపిలవు జనం 2017లో మా నేల మాకిమ్మని సైనిక శిబిరం ఎదుట రోడ్డు మీద కూర్చున్నారు. అలా కూర్చోవాలన్నా చేతిలో దస్తావేజు ఉండాలి. లేకపోతే "మీదని ఏమిటి సాక్ష్యం?" అంటారు. అందుకే ఆ ముసలామె తెలివైన పని చేసిందని నా ఉద్దేశం.

ఓనరు రూం ఇవ్వనన్నాడు. ఆయన్ని తిట్టుకోను, ఆయన లైసెన్సు ఆయనకి ముఖ్యం. స్టేషన్ ఎదురుగా విష్ణు నివాసం దగ్గర వేలమంది పడుకునే చోట వాళ్లూ పడుకున్నారు. మర్నాడు టోకెన్ లేకుండా సర్వదర్శనం క్యూలో వెళ్తామన్నారు. గంటలు ఎక్కువ పడుతుందని అంటే అల్లుడు, "ఎల్లుండి క్యాంపులో చెక్కింగ్ ఉంది సార్, ఆలోపు చేరకపోతే కష్టం" అన్నాడు. క్యాంపుల్లో హాజరు తీస్తారు, క్యూ బ్రాంచ్ అనే తమిళనాడు పోలీసు విభాగం నిఘా ఉంటుంది. ఆ హాజరుని బట్టే నెలనెలా వచ్చే డబ్బు. పెయింటింగ్ పనికి దూరం వెళ్లినా ఆ రోజుకి వచ్చి నిలబడాల్సిందే. దేవుడి దగ్గర కూడా గడియారం చూసుకుంటూ నిలబడే భక్తుల్ని ఆ రోజే చూశాను.

ఇప్పుడు మీ ప్రశ్నకి. అంతర్జాతీయ చట్టం దగ్గర సరుకు లేదని నేననను. 1949 జెనీవా ఒప్పందాల్లో నాలుగిట్లోనూ ఒకే రకంగా ఉండే మూడో అధికరణం అంతర్యుద్ధానికి కూడా వర్తిస్తుంది. ఆయుధం పట్టనివాణ్ని చంపకూడదు, హింసించకూడదు, మతం చూసో జాతి చూసో తేడా చూపకూడదు అని అందులో రాశారు. మరి శ్రీలంకలో ఏమైంది? 2008 సెప్టెంబర్‌లో మీ భద్రతకి మాది పూచీ కాదని ప్రభుత్వం అనగానే ఐక్యరాజ్యసమితి సిబ్బంది ఉత్తరాన యుద్ధం నడుస్తున్న కిళినొచ్చి వదిలి వెళ్లిపోయారు. పోవద్దని జనం ఆఫీసు గేటు దగ్గర అడ్డం నిలబడి బతిమాలారు. ఆ తర్వాత ప్రభుత్వమే "కాల్పులు జరపని ప్రాంతం" అని గీత గీసి జనాన్ని అందులోకి రమ్మంది. అదే గీత లోపల ఫిరంగి గుండ్లు పడ్డాయని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం 2011లో రాసింది. 40 వేలమంది దాకా పౌరులు చనిపోయి ఉండొచ్చని చెప్పింది కూడా ఆ బృందమే. పారిపోతున్న జనం మీద పులులు కాల్చారని, వాళ్లని అడ్డుగోడలా వాడుకున్నారని కూడా అదే నివేదికలో ఉంది. బతికి బయటపడినవాళ్లని దాదాపు 3 లక్షలమందిని మెనిక్ ఫామ్ లాంటి శిబిరాల్లో ముళ్లకంచె వెనక పెట్టారు. 2012లో ఐక్యరాజ్యసమితి తన సొంత విచారణలో మేము విఫలమయ్యాం అని ఒప్పుకుంది. పెళ్లయ్యాక మేళం వచ్చినట్టు.

కాగితం కాపాడుతుంది అన్నాను కదా, అదే కాగితం ప్రాణం తీస్తుంది కూడా. 1983 జులైలో కొలంబోలో తమిళుల మీద దాడికి దిగిన మూకలు వాళ్ల ఇళ్లు వెతుక్కుంటూ పోలేదు. చేతిలో ఓటర్ల జాబితాలు పట్టుకుని వచ్చారు. ఏ వీధిలో ఏ నంబరు ఇంట్లో ఎవరున్నారో అందులో ఉంది. 1994లో రువాండాలో రోడ్ల మీద అడ్డంకులు పెట్టి గుర్తింపు కార్డు చూపించమన్నారు. కార్డు మీద హుటు, టుట్సీ అని జాతి రాసి ఉండేది, టుట్సీ అని ఉంటే చంపేశారు. ఇది తెలిశాక లాడ్జి రిజిస్టర్ మీద నా చూపే మారిపోయింది. అడ్రసులో "శరణార్థుల క్యాంపు" అని అచ్చు వేయకుండా వీధి పేరు, గ్రామం పేరు వేసి ఉంటే ఆ రాత్రి వాళ్లకి మంచం దొరికేది. ఎవరికి ఎంత చెప్పాలో అంతే చెప్పే కార్డు కావాలి. దీనికి కమిటీలు, సదస్సులు అక్కర్లేదు, ప్రింటు సెట్టింగు మారిస్తే చాలు.

మైనారిటీ అంటే ఎప్పుడూ ఒక వర్గమే అనుకునేవాళ్లకి ఇంకో సంగతి. అదే శ్రీలంకలో 1990 అక్టోబర్‌లో పులులు ఉత్తర ప్రాంతం నుంచి ముస్లింలందర్నీ వెళ్లగొట్టారు. వాళ్ల ఇంటి భాష కూడా తమిళమే. జాఫ్నాలో ఇచ్చిన గడువు రెండు గంటలు. 70 వేలమందికి పైగా పడమటి తీరాన పుత్తళం వైపు వెళ్లి ఏళ్ల తరబడి తాటాకు పాకల్లో ఉన్నారు. సింహళుల దగ్గర తమిళులు తక్కువ, తమిళుల దగ్గర ముస్లింలు తక్కువ. కాబట్టి "ఫలానా వాళ్లు మంచివాళ్లు, వాళ్లని కాపాడాలి" అనే పద్ధతిలో హక్కుల గురించి మాట్లాడేవాళ్లని నేను నమ్మను. మా ఊళ్లో ఇల్లు అద్దెకి అడిగితే మొదటి ప్రశ్న "మీరేమిట్లు?" అని. అడ్వాన్సు ఎంతిస్తారు అనేది రెండోది. యుద్ధం లేని ఊళ్లోనే ఇదీ వరస.

సరిహద్దు మారితే రక్తం కారాల్సిందేనని కొందరంటారు. మా చిత్తూరు జిల్లాలో 1960 ఏప్రిల్ 1న సరిహద్దు మారింది. సత్యవేడు వైపు ఊళ్లు ఇటు ఆంధ్రకి వచ్చాయి, తిరుత్తణి, పళ్లిపట్టు అటు తమిళుల వైపు పోయాయి. మా మేనత్త వాళ్లది పళ్లిపట్టు దగ్గరే. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో తమిళం. 2006లో బళ్లలో తమిళం తప్పనిసరి చేసినప్పటి నుంచి మా బావ సణుగుతూనే ఉన్నాడు, ఆ సణుగుడు న్యాయమైనదే. కానీ ఎవరి పొలం పట్టా వాళ్ల దగ్గరే ఉంది, ఎవరి ఓటు వాళ్లకే ఉంది. కాగితాలు చెదరకపోతే మనుషులు సణుక్కుంటూ అయినా కలిసి బతుకుతారు అనడానికి నాకు ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

బయటి దేశాల రుజువే కావాలంటే బోస్నియా ఉంది. అక్కడి యుద్ధాన్ని ముగించిన 1995 డేటన్ ఒప్పందంలో ఏడో అనుబంధం అని ఒకటి పెట్టారు. తరిమేసినవాళ్లకి వాళ్ల ఇళ్లు వాళ్లకి తిరిగి ఇవ్వాలి అని. ఎవరో ఆక్రమించుకుని కూర్చున్న ఇళ్లని పాత రికార్డులు చూసి ఖాళీ చేయించారు. 2 లక్షలకు పైగా ఇళ్లు అసలు యజమానుల చేతికి వెళ్లాయి. అందరూ తిరిగొచ్చి అక్కడే కాపురం పెట్టారా అంటే లేదు, చాలామంది అమ్ముకుని వెళ్లిపోయారు. అమ్ముకునే హక్కు కూడా హక్కే కదా.

శ్రీలంక, బోస్నియా దాకా వెళ్లి మన పెరటి సంగతి వదిలేస్తే నాకే సిగ్గు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టుల మీదకి సల్వాజుడుం అనే సాయుధ దళం మొదలయ్యాక బస్తర్ ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఒకవైపు మావోయిస్టులు, ఇంకోవైపు జుడుం. మధ్యలో నలిగిన ఆదివాసులు అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వచ్చేశారు. మనం వాళ్లని గుత్తికోయలు అంటాం. జుడుం పేరుతో ఆదివాసీ కుర్రాళ్లకి తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులుగా పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బాగుంది. కానీ ఇటు వచ్చినవాళ్ల పరిస్థితి? అక్కడ వాళ్లు షెడ్యూల్డు తెగ, ఇక్కడ కాదు. ఆ జాబితా రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. వాగు దాటేసరికి తెగ మారిపోతుందా? ఆ సర్టిఫికెట్ లేదు కాబట్టి హాస్టల్ సీటు కష్టం, అటవీ హక్కు పట్టా కష్టం. గుడిసె వేస్తే అటవీశాఖ వాళ్లు పీకేస్తారు. సొంత దేశంలోనే ఇల్లు పోయినవాళ్ల కోసం ఐక్యరాజ్యసమితి 1998లో మార్గదర్శక సూత్రాలు రాసింది. పోయిన పత్రాలు మళ్లీ ఇవ్వాలని, అందుకు అడ్డగోలు షరతులు పెట్టకూడదని అందులో ఉంది. అయితే అవి ఎవరినీ కట్టిపడేసే సూత్రాలు కావు. ఆఫ్రికా దేశాలు మాత్రం 2009లో ఉగాండా రాజధాని కంపాలాలో అదే విషయాన్ని గట్టి ఒప్పందంగా చేసుకున్నాయి. మనకి ఈ రోజుకీ అలాంటి చట్టం లేదు. శరణార్థుల మీద 1951 నాటి ఒప్పందం మీద కూడా మనం సంతకం పెట్టలేదు.

అలాగని మన దగ్గర ఏమీ లేదనుకోవద్దు. ప్రాణానికి, స్వేచ్ఛకి రక్షణ ఇచ్చే రాజ్యాంగం 21వ అధికరణం పౌరుడికి అని చెప్పదు, ఏ వ్యక్తికైనా అంటుంది. అరుణాచల్‌లో శరణార్థులుగా వచ్చిన చక్మా తెగవాళ్లని పొమ్మని గడువు పెట్టి బెదిరిస్తే జాతీయ మానవ హక్కుల కమిషనే సుప్రీంకోర్టుకి వెళ్లింది. వాళ్ల ప్రాణాలకు రాష్ట్రమే పూచీ అని 1996లో కోర్టు తేల్చి చెప్పింది. మరి 2025 మేలో ఒక శ్రీలంక తమిళుడి కేసులో అదే కోర్టులో మన దేశం ధర్మశాల కాదన్న వ్యాఖ్య వచ్చింది. 140 కోట్లమందితో మనమే అవస్థ పడుతున్నామన్న బాధ నాకూ అర్థమవుతుంది. కానీ సత్రాల ఊళ్లో బతికినవాణ్ని కాబట్టి ఒక మాట: ధర్మశాలలో కూడా రిజిస్టర్ ఉంటుంది. ఎవరొచ్చారు, ఎంతమంది, ఎన్నాళ్లు అని రాసుకుంటారు. నలభై ఏళ్లుగా ఇక్కడే ఉన్నవాళ్లని ఏ పేజీలో రాయాలో మనం ఇంకా తేల్చుకోలేదు.

కొద్దికొద్దిగా మారుతోంది, కాదనను. 2021లో తమిళనాడు ప్రభుత్వం రూ.317 కోట్లతో క్యాంపుల్లో కొత్త ఇళ్లు, మిగతా సదుపాయాలు ప్రకటించింది. ఇంటిపెద్దకి ఇచ్చే నెల డబ్బు 1,500 చేసింది. శరణార్థుల క్యాంపు అన్న పేరు తీసేసి పునరావాస శిబిరం అంది. 2025లో విదేశీయుల మీద కొత్త చట్టం వచ్చినప్పుడు, 2015 జనవరి 9 లోపు వచ్చి పేరు నమోదు చేసుకున్న శ్రీలంక తమిళులకి పాస్‌పోర్టు, వీసా లేవన్న కారణంతో శిక్ష ఉండదని కేంద్రం మినహాయింపు ఇచ్చింది. పెద్దామె లాంటివాళ్లకి ఇది పెద్ద ఊరట. అయితే శిక్ష తప్పింది గానీ పౌరసత్వం రాలేదు.

పిల్లల విషయమే ఇంకా తెమలనిది. మన చట్టం ప్రకారం 1987 జులై 1కి ముందు ఈ గడ్డ మీద పుడితే చాలు, పౌరులే. 1986లో మండపం క్యాంపులో పుట్టిన ఒకామె ఇదే పట్టుకుని మద్రాసు హైకోర్టుకి వెళ్లింది. 2022లో గెలిచింది, పాస్‌పోర్టు తీసుకుంది, 2024 ఎన్నికల్లో ఓటు కూడా వేసింది. ఆ తేదీ తర్వాత పుట్టినవాళ్లకి తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులై ఉండాలి, 2004 డిసెంబర్ తర్వాత పుడితే షరతులు ఇంకా బిగుసుకున్నాయి. అంటే ఒకే క్యాంపులో, ఒకే మంత్రసాని చేతుల్లో పుట్టిన అక్క భారతీయురాలు, తమ్ముడు పరాయివాడు కావచ్చు. కొందరు శరణార్థులకి పౌరసత్వం ఇవ్వడానికి 2019లో పౌరసత్వ చట్టానికి చేసిన సవరణలో పాకిస్థాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్థాన్ అని మూడు దేశాల పేర్లు రాశారు, శ్రీలంక రాయలేదు. తమిళనాడు పార్టీలు అడుగుతూనే ఉన్నాయి. నన్నడిగితే ఆ నాలుగో పేరు చేర్చడం, గుత్తికోయ పిల్లలకి ఇక్కడ చెల్లే తెగ సర్టిఫికెట్ ఇవ్వడం, ఈ రెండు పనులకి జెనీవా అనుమతి అక్కర్లేదు, ఢిల్లీలో పూనుకుంటే చాలు. మీకు తెలిసిన ఎంపీ ఎవరైనా ఉంటే ఐక్యరాజ్యసమితి గురించి కాకుండా ఈ రెండింటి గురించి అడగండి. మా ఎంపీ ఆఫీసులో నేను అడిగితే దర్శనం లెటర్ కోసం వచ్చాననుకుని ఆధార్ జిరాక్సు ఇవ్వమన్నారు.